మరివిక్ పెళ్ళికి నేను ఇచ్చిన మాట

ఇలోయిలో, మంగళవారం

ఎర్లిండాకు, ఇంట్లో అందరం కులాసా.

మరివిక్ నీ దగ్గరికి రావడానికి వీసా వరుసలో మన వంతు ఈ నెల ముందుకు జరక్కపోగా ఏడాది వెనక్కి పోయింది. నీ కూతురికి ఇరవై రెండేళ్ళప్పుడు అర్జీ పెట్టావు. ఇప్పుడు దానికి ముప్పై నాలుగు. పెళ్ళయితే అర్జీ చెల్లదని ఇన్నాళ్ళూ ఆపాము.

ఆదివారం డోమిన్ తల్లిదండ్రులు పాన్సిట్ నూడుల్స్ గిన్నెతో, బంధువులతో మళ్ళీ పిల్లనడగడానికి వచ్చారు. "మీ వీసా వచ్చేలోపు మావాడికి బట్టతల వచ్చిందండీ" అని తల్లి దెప్పింది. తండ్రి గొంతు తగ్గించి, "చర్చిలో గుట్టుగా చేసేద్దాం పెద్దమ్మగారూ, కాగితాల్లో మాత్రం పెళ్ళి కానట్టే ఉంచుదాం. మా వీధిలో అందరూ చేసేదే" అన్నాడు.

"బడిలో పిల్లలకు అబద్ధం రాయొద్దని చెప్పినదాన్ని, మనవరాలి చేత రాయిస్తానా?" అన్నాను.

"అయితే నన్నేం చేయమంటావు అమ్మమ్మా? ముసలిదాన్నయ్యాక పెళ్ళి చేసుకోనా?" అని మరివిక్ అందరి ముందూ ఏడ్చింది.

నిన్ను అడక్కుండానే జనవరి పదికి ఒప్పుకున్నాను. అర్జీ పోతే పోనీ. ఫోనులో అరవకు, నాకు సరిగ్గా వినపడదు.

మోకాలి పట్టీ పంపు, పెద్ద సైజుది. నువ్వు పంపినదాంట్లో ఇంటికప్పు రేకులకు పోగా మిగిలిన డబ్బు నీ పేరునే బ్యాంకులో వేశాను. అల్లుడికి షుగరు తగ్గిందా?

పెళ్ళికూతుర్ని అమ్మానాన్నలు చెరో చేయి పట్టుకుని నడిపించాలి. నీ వైపు చేయి నేను పట్టుకోను. ఇటు రావడానికి నువ్వు నిలబడాల్సిన వరుస ఏదీ లేదు.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

అమ్మ