అమ్మ వైపు డోరు

నాన్నా,

నువ్వు పోయాక షెడ్డులో పడున్న నీ అంబాసిడర్‌ను ఆటోనగర్లో బాగుచేయించి, ఈ రోజు బెజవాడలో పాతకార్ల షోకి తీసుకెళ్లాను.

అమ్మ వైపు డోరు లోపల్నుంచి తెరుచుకోదని ప్రతిసారీ నువ్వే చుట్టూ తిరిగొచ్చి తీసేవాడివి. నిజమేననుకున్నాను. "హ్యాండిల్ బాగానే ఉందండీ. లోపలి కడ్డీని ఎవరో కావాలనే విప్పారు," అంటూ మేస్త్రీ దాన్ని బిగించేశాడు. నీ గుట్టు అమ్మకు చెప్పలేదు.

షో దగ్గర కారు ఆపితే అమ్మ దిగలేదు.

"ఇప్పుడు లోపల్నుంచే వస్తుందమ్మా," అన్నాను.

"మీ నాన్న కడ్డీ విప్పుతుంటే వంటింటి కిటికీలోంచి చూశాన్లే. నువ్వొచ్చి తియ్యి," అంది.

రేపు మేస్త్రీ దగ్గరికెళ్లి ఆ కడ్డీ మళ్లీ విప్పించుకొస్తాను.