సీటు బెల్టు పెట్టినది నేనే

జిల్లా పోలీసు సూపరింటెండెంటు గారి సముఖమునకు, చిత్తూరు.
బారు సర్వరు జయరావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లోకేశ్వరి అను ఆమె కారు గుద్ది మరణించిన కేసులో నేనిచ్చిన అబద్ధపు వాంగ్మూలము కొట్టివేసి, నన్నును ముద్దాయిగా చేర్చుట గురించి.

1. నేను చిత్తూరులోని ఒక బారులో పదకొండేళ్లు సర్వరుగా పనిచేసియున్నాను. గత ఆగస్టు పద్నాలుగున మధ్యాహ్నం రవిచంద్ర అను స్థలాల వ్యాపారి ఒంటరిగా వచ్చి నా టేబుల్ వద్ద కూర్చున్నారు. రెండు క్వార్టర్లు నేనే పోసితిని. చెయ్యి కడుక్కోవడానికి లేచి అద్దం తలుపుకు గుద్దుకున్నారు. తిరిగి వచ్చి మూడోది అడిగారు.

2. "సార్, సాలు. ఆటో పిలుస్తా, కారు ఈడనే ఉండనీండి" అన్నాను. కౌంటరులో ఉన్న మేనేజరు గిరి గారు విని, "అడిగింది ఇయ్యప్పా. పొయ్యేది ఆయన, నీకేం నొప్పి?" అన్నారు. మత్తులో ఉన్నవారికి మద్యం ఇవ్వబడదను బోర్డు ఆయన తలకు పైననే ఉన్నది. నేను ఇచ్చితిని. ఎవరూ నా చెయ్యి పట్టి పోయించలేదని మనవి.

3. తదుపరి ఆయన కారు తాళాలు కింద పడగా నేనే వెతికి చేతికిచ్చితిని. తలుపు తీసి కూర్చోబెట్టితిని. సీటు బెల్టు పెట్టుకోవడం ఆయనకు చేతగాకపోతే నేనే పెట్టితిని. కారు వెనుక నిలబడి "రానీ, రానీ, సాలు" అని రోడ్డు మీదికి దారి చూపితిని. "మంచోడివప్పా నువ్వు" అని ఆయన నవ్వినారు.

4. అరగంట లోపల కార్వేటినగరం దారిలో, బస్సు కోసం నిలబడియున్న లోకేశ్వరిని ఆ కారు గుద్దింది. ఆమె అంగన్‌వాడీ ఆయా. వయసు ముప్పైనాలుగు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. కారు ముందుభాగం నుజ్జయినా ఆయనకు గీత కూడా పడలేదు. బెల్టు నేను పెట్టినదే.

5. ఆయన పారిపోయి మరునాడు లొంగిపోయినందున రక్త పరీక్షలో మద్యం కనబడలేదు. ఆమే రోడ్డుకు అడ్డం పరుగెత్తిందని ఆయన చెప్పారు. బారులో కెమెరాలు పనిచేయలేదని గిరి గారు చెప్పారు. ఇక మిగిలినది నా మాట. "అన్నం తిని పొయినాడని సెప్పు. నిజం సెప్తే నువ్వూ లోపలికే" అని గిరి గారు నేర్పినట్టే స్టేషనులో చెప్పి సంతకం చేసితిని. లోకేశ్వరి తల్లి తాయమ్మ అక్కడే ఉన్నది. నేను బయటికి వస్తుంటే లేచి, "నువ్వు సూసినావంట గదా నాయనా, తాగలేదా అతను?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

"సరేలే నాయనా" అని మళ్లీ కూర్చున్నది.

6. అయ్యా, ఆమె నమ్మింది. ఈ ముక్క ఏ నంబరు కింద వ్రాయవలెనో నాకు తెలియలేదు. తిట్టి ఉంటే అన్నం తినగలిగేవాణ్ణి. పోయిన ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుండగా నా నోట "రానీ, రానీ" అని గట్టిగా వచ్చింది. నా భార్య గ్రేసీ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, "ఎవర్ని పిలుస్తా ఉండావు?" అని అడిగింది. అప్పుడే ఆమెకు మొత్తం చెప్పాను. మరునాడే పని మానుకున్నాను.

7. పోసినవాని మీద సెక్షను లేదని ఒక వకీలు గారు అన్నారు. ఉన్నదో లేదో తమరే విచారించవలెను. తాగి నడిపినది ఆయనే. కానీ నిలబడలేని మనిషి అని తెలిసి పోసినది నేను, పోయమన్నది మేనేజరు. మా ముగ్గురినీ ఒకచోట నిలబెట్టి అడుగవలెను. లోకేశ్వరి పరుగెత్తిందను మాట కాగితాలలో లేకుండా చేయవలెను.

పై సంగతులన్నియు నా ఎరుకలో జరిగినవేనని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జయరావు

తా.క.: ఈ ఉదయం తాయమ్మ ఇంటికి పోయి ఈ అర్జీ మొత్తం చదివి వినిపించాను. పొయ్యి ముందు కూర్చుని విన్నది. పొయ్యిలో నీళ్లు చల్లి, తలుపుకు గొళ్లెం పెట్టి, "పద. నువ్వు మళ్లా మాట మార్సకుండా నేనూ వస్తా" అన్నది. బస్సులో నా పక్కన కూర్చోలేదు. ఇప్పుడు తమ ఆఫీసు వరండాలో నాకెదురుగా నిలబడి ఉన్నది. ఎవరు కూర్చోమన్నా కూర్చోవడం లేదు. దయచేసి మమ్ములను తొందరగా లోపలికి పిలువగలరు.