పల్లెటూరి కామెడీలో నా వేషం

క్యారీ నుంచి

చి.సౌ. భవితకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. అంటే జ్వరాలూ జలుబులూ లేవని. ఫ్రీమాంట్‌లో నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను.

పగలంతా ఒక్కదానివీ ఏం చేస్తున్నావని కార్డులో అడిగావు. వీళ్ళు ఆఫీసులకీ స్కూలుకీ పోయాక టీవీలో పాత పల్లెటూరి కామెడీలు చూస్తున్నాను. కింద అక్షరాలు పడతాయి. నా పంతులమ్మ ఇంగ్లీషుకి అవి చాలు. అన్నీ ఒకటే అనుకునేవు, కావు. ఒకదాంట్లో కొండజనం పట్నంలో కాపురం పెడతారు. వాళ్ళకి మర్యాదలు తెలియవని నవ్విస్తారు గానీ, చివరికి బోల్తాపడేది పట్నం దొరలే. ఇంకోదాంట్లో పట్నం పెద్దమనిషి సేద్యానికి బయల్దేరతాడు. ఊరివాళ్ళవన్నీ తిక్కమాటలే, అయినా ఓడేది ఆయనే. మూడోది నాకిష్టం. అందరూ ఒక ఊరివాళ్ళే. ఒకరినొకరు ఏడిపించుకుంటారు, బయటివాడు వచ్చి నవ్వితే మాత్రం ఊరుకోరు.

మీ అన్నయ్య వినీత్ నాలుగోరకం కనిపెట్టాడు. ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళ ఫంక్షన్‌లో నా మీద స్కిట్ రాసి వేయించాడు. నా చీర చుట్టుకుని హంసిక నా వేషం కట్టింది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పోపు పొగకి అలారం మోగితే తువ్వాలుతో విసరడం, ఇంటి వెనక చెక్కల డెక్ మీద చీర ఆరేస్తే కాలనీవాళ్ళు నోటీసు పంపడం, అన్నీ పెట్టాడు. జరిగినవే కదా, నేనూ నవ్వాను. మనవరాలు ముద్దొచ్చింది కూడా.

తర్వాత అది, పిలిస్తే పలికే ఆ వంటింటి స్పీకర్ ముందు నుంచుని, "బంగారూ, అన్నం తిన్నావా?" అంది. హాలు దద్దరిల్లిపోయింది. పక్కనున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "ఆంటీ, నిజంగా అడిగారా? సో క్యూట్!" అంది.

ఇంటికొచ్చాక వాణ్ణి నిలదీశాను. "జస్ట్ ఫన్ అమ్మా, ఎందుకంత సీరియస్‌గా తీసుకుంటావ్? అట్లాంటాలో కూడా వెయ్యమన్నారు. ఈసారి లాస్ట్‌లో నువ్వూ స్టేజ్ మీదికి రా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రానుగాక రానన్నాను.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదనీ అడిగావు. ఎలా ఎత్తను తల్లీ? మీ నాన్న పోయాక, అన్నం తిన్నావా అని అడగడానికి నాకు మనిషి లేకుండా పోయాడు. ఇక్కడ ఎవరి తిండి వాళ్ళు తింటారు. ఒకరోజు నోరు ఊరుకోక ఆ డబ్బాని అడిగాను. అర్థం కాలేదంది. కూలబడి ఏడ్చాను. ఈ సంగతి భూమ్మీద నీకొక్కదానికే చెప్పాను.

ఏడ్చానన్న ముక్క కూడా వాడికి చెప్పావా? చెప్పి ఉండవనే అనుకుంటున్నాను. అది తెలిసి కూడా రాశాడంటే, నాకు ఇద్దరు పిల్లలూ లేనట్టే.

ఇట్లు,
మీ అమ్మ
కామేశ్వరి