ప్రైమర్‌తోనే పూర్తయిన రైలింజన్

ఆదివారం, నాచారం

నేను అట్టతో చేసిన రైలింజన్‌కు మా ఆయన సాయంత్రం బూడిదరంగు ప్రైమర్, అంటే అసలు రంగుకు ముందు వేసే పూత, కొట్టారు. ఉప్పల్‌లో కార్లకు రంగులేసే మనిషి కదా, పైన వెయ్యడానికి నల్లరంగూ కలిపి సిద్ధంగా పెట్టుకున్నారు. ప్రైమర్ ఆరాక చూస్తే, మేకుతలల్లా కనిపించాలని నేను సూదిమొనతో పెట్టిన జిగురు చుక్కలన్నీ తేలి కనిపించాయి.

"ఇగ రంగు ఎయ్యకుండ్రి. గిట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాను.

"ప్రైమర్ మీద ఎవలన్న ఆపుతరా?" అని నవ్వారు. నేను నవ్వలేదు.

ఆయన ఇంజన్‌ను ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్లి చాలాసేపు తిప్పి చూశారు. నా పనిని అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

"నిజమే. రంగేస్తే నీ పనంత మునిగిపోతది" అని తనే టీవీ మీద పెట్టారు.

ప్రైమర్ చెమ్మ పీలుస్తుందట. వానలకు ఏమవుతుందో... ఈ రాత్రికి మాత్రం నా ఇంజన్ పూర్తయింది.