పొందిక ఎక్కువైన డబ్బా

బావకి నమస్కారం.

ఈ ఉత్తరంతో పాటు బస్సు కండక్టరు నీకో సంచి ఇస్తాడు. అందులో ఉన్నది గరాటు కాదు, ఎలుకల బోను అంతకన్నా కాదు. చేపల్ని డబ్బాలోకి సర్దే చేతి పరికరం. నేనే చేశాను. చేసి కొట్టు ముందు పెడితే వచ్చినవాళ్లంతా ఈ బోనులో ఎంత పెద్ద ఎలుక పడుతుందని అడిగారు, అందుకే ముందుగా చెబుతున్నాను.

వాడకం సులువు. దోనెలాంటి రేకు ఉంది కదా, శుభ్రం చేసిన చేపల్ని అందులో పక్కపక్కనే పడుకోబెట్టు, ఒకదాని తోక అటు, ఒకదాని తోక ఇటు. దోనె మూతికి ఖాళీ డబ్బా తగిలించు. వెనక పిడి పట్టుకుని మెల్లిగా తొయ్యి. వరస వరసంతా చెదరకుండా లోపలికి వెళ్లిపోతుంది. నీ మొద్దువేళ్లు చేపకి తగలనక్కర్లేదు. డబ్బాకి మూత బిగించడంలో నిన్ను మించినవాడు లేడు, ఒప్పుకుంటాను. కానీ సర్దే పని ఎప్పుడూ అక్కదే. నువ్వు ముట్టుకున్న చేప చేపలా మిగలదని అనేది కదా.

అక్క పోయినప్పటినుంచి అమ్మకి డబ్బా అందలేదు. అక్క ఉత్తరాలు రాసే మనిషి కాదు. నెలకో డబ్బా వస్తే కూతురు క్షేమంగా ఉన్నట్టు, అమ్మ లెక్క అంతే. ఇప్పుడు రోజూ అడుగుతోంది. చేపలు పడటం లేదట అని అబద్ధం చెప్పాను. సముద్రం ఎండిపోయిందా అంది. గుండె చూసిన డాక్టరు ఇంకా ఆ మాటమీదే ఉన్నాడు, చెడ్డ కబురు చెవిన పడితే మనిషి దక్కదని. నాకు మిగిలింది అమ్మ ఒక్కతే బావా. డబ్బా రావాలి. అక్క పంపినట్టే రావాలి.

ఎదురుచూస్తూ,
నీ బావమరిది

తా.క. తోసేటప్పుడు వేలు లోపల పెట్టకు. దానికి వేలికీ చేపకీ తేడా తెలియదు.

*

రేకులతో అద్భుతాలు చేసే బావమరిదికి ఆశీస్సులు.

సంచి అందింది. నువ్వు మెల్లిగా తొయ్యమన్నావు, నేను నా అలవాటు కొద్దీ గట్టిగా తోశాను. డబ్బా గుమ్మందాకా వెళ్లింది. చేపలు దానికన్నా ముందు వెళ్లాయి. పిల్లి ఈ పరికరాన్ని చాలా మెచ్చుకుంది.

రెండోసారి బుద్ధిగా తోశాను. ఇక చెప్పక్కర్లేదు, అచ్చు పోసినట్టు వచ్చింది. పెద్ద దుకాణంలో అద్దం వెనక పెట్టే డబ్బాలు కూడా ఇంత నీటుగా ఉండవు. మూత బిగించి, ఉడకబెట్టి, తుడిచి ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. అత్తయ్యకి ఇచ్చేటప్పుడు నీ ముఖం జాగ్రత్త. నీకు అబద్ధం చెప్పడం రాదు, చెవులు ఎర్రబడతాయి.

మీ అక్క కూచునే ముక్కాలిపీట పక్కనే నిలబడి సర్దాను. దానిమీద కూచోవడానికి మనసు రాలేదు. ఈ గదిలో గోడ దగ్గర మూతలు బిగించే మర నాది, కిటికీ దగ్గర బల్ల తనది. తన బల్ల దగ్గర ఎలా మసలాలో నాకు తెలియడం లేదురా. కత్తి ఎక్కడ పెట్టినా పెట్టకూడని చోట పెట్టినట్టే ఉంటుంది. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. ఇప్పుడు మర చప్పుడు తప్ప ఇంకేం లేదు. పని కాగానే తాళం వేసి బయటికి వచ్చేస్తున్నాను.

తిన్నావా అని ఎలాగూ అడుగుతావు కాబట్టి ముందే రాస్తున్నాను, తిన్నాను.

ఇక ఉంటాను,
మీ బావ

తా.క. పైన తిన్నానని రాశాను. తిన్నది పిల్లి.

*

బావకి,

నమస్కారాలు తర్వాత. కొంప మునిగింది.

డబ్బా వచ్చిందనగానే అమ్మ లేచి కూచుంది. చూపు ఆనదు కదా, మూత తీయించి వేలితో తడిమింది. మళ్లీ తడిమింది. ముఖం ముడుచుకుంది. "ఇది నా కూతురు సర్దింది కాదు" అంది.

నేను ఏదో గొణిగాను. "నాకు చెప్పకు. దానికి డబ్బాలో చోటు మిగిలితే ప్రాణం ఒప్పదు, పైన ఒక చిన్న చేపని అడ్డంగా కుక్కి కానీ వదలదు. ఇదేమిటిది, బడిపిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు?" అంది. నేను నోరు తెరిచేలోపే తీర్పు కూడా చెప్పేసింది. "ఇది ఇంకొక ఆడదాని చెయ్యి. అల్లుడు ఇంట్లోకి ఎవర్నో తెచ్చుకున్నాడు."

పొద్దున నువ్వు అల్లుడుగారివి. భోజనాల వేళకి అల్లుడివి. సాయంత్రానికి వాడివి అయిపోయావు. ఆవిడ ఎలాంటిదో కూడా అమ్మ చెప్పేసింది. వయసు తక్కువట, మాట తక్కువట, పొదుపరట, పిల్లాపీచూ ఉండి ఉండరట. పరికరం సంగతి చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే నా కూతురి చేతులకేమైంది అని అడుగుతుంది. అందుకని తల వంచుకుని నీకు పడాల్సిన తిట్లన్నీ నేనే తిన్నాను. ఇంకో డబ్బా పంపించు. ఈసారి అంత బాగా వద్దు.

నీ తరఫున తిట్లు తింటున్న,
బావమరిది

తా.క. అంత పొందికైన మనిషి నీ దగ్గర ఎన్నాళ్లో నిలవదని అమ్మ అంటోంది. అదొక్కటి నాకూ నిజమే అనిపించింది.

*

బావమరిదికి,

ఆశీస్సులు ఈసారి లేవు.

నాకు ఇంకొకావిడా? తను పోయిన మంచం దుప్పటి మార్చడానికే చేతులు రాక నేను వసారాలో పడుకుంటున్నాను. అత్తయ్యకి నా మాటగా చెప్పు అని రాయబోయి ఆగిపోయాను. ఏం చెబుతావు? తన కూతురు ఉన్నంతకాలం ఇంకొకరి వంక చూడలేదని చెబితే ఉన్నంతకాలం అంటే ఏమిటి అంటుంది.

తప్పంతా నీ పరికరానిది. ఎవడు చెయ్యమన్నాడురా అంత బాగా? లోకంలో వస్తువు పని చెయ్యలేదని గొడవపడతారు. ఇది పని చేసిందని గొడవపడాల్సి వచ్చింది.

సర్దాక డబ్బాని రెండు చేతులా పట్టుకుని బాగా కుదిపాను. అడ్డంగా ఒక చేప కావాలన్నారు కదా, ఇప్పుడు అడ్డంగా లేని చేప ఒక్కటీ లేదు. పంపుతున్నాను.

మీ బావ

తా.క. అత్తయ్య నన్ను అనుమానించిన సంగతి మీ అక్కకి చెబితే బల్ల పట్టుకుని నవ్వేది. ఎవరికైనా చెప్పాలనిపించి పిల్లికి చెప్పాను. దానికి నవ్వు రాలేదు.

*

బావకి నమస్కారం.

ఒకదాన్నించి తప్పించుకుని ఇంకోదాంట్లో పడ్డాం. అమ్మ నీ రెండో డబ్బా తడిమి "కొట్టుకున్నారు" అంది.

ఎవరు అన్నాను. "వాడూ, అదీ. చూడు, కోపంతో చేపల్ని ఎలా గిరాటు వేసిందో. అంత గొడవ జరుగుతుంటే నా కూతురు ఎక్కడుంది? ఏ మూల కూచుని ఏడుస్తోంది? నన్ను బస్సెక్కించు" అని చెప్పులు వేసుకుంది. మంచం దిగడానికి డాక్టరు ఒప్పుకోడు. కాబట్టి చెప్పులతోనే మంచం మీద కూచుంది. రెండు రోజులుగా తీయడం లేదు. దుప్పటి కప్పితే కాళ్ల దగ్గర ఎత్తుగా కనిపిస్తోంది. నిజంగా బస్సెక్కి అక్కడికి వచ్చి అక్క లేని గది చూసిందంటే ఏమవుతుందో తలుచుకోవడానికే భయంగా ఉంది.

దోనె మూతి దగ్గర తగిలించడానికి ఒక రేకు నాలుక పంపుతున్నాను. ఆఖరి చేప దానికి తగిలి అడ్డం తిరుగుతుంది. బాగా కుదిరిన పనిని కావాలని చెడగొట్టడం నా జన్మలో ఇదే మొదలు. ఎంత వంపు పెట్టాలో తెలియక ఆకురాయి పట్టుకుని చాలాసేపు కూచున్నాను. అక్క చేప ఎంత అడ్డంగా ఉండేదో గుర్తు చేసుకుందామంటే అక్కే గుర్తొచ్చింది కానీ చేప గుర్తు రాలేదు. కొట్టు మూసేసి కాసేపు ఏడ్చాను. అమ్మకి వినపడలేదనే అనుకుంటున్నాను.

దిక్కుతోచని,
బావమరిది

తా.క. అమ్మ నిజంగా వస్తే ముందు ఆ రెండోదాని జుట్టు పట్టుకుంటానంటోంది. పరికరానికి జుట్టు లేదు. నీకుంది. చూసుకో.

*

చిరంజీవి బావమరిదికి,

నీ నాలుక బాగానే పని చేసింది. ఆఖరి చేప చెప్పినట్టు అడ్డం తిరిగింది. అయితే ఏ డబ్బాలో చూసినా అదే చోట, అదే వంపు. మీ అక్క చేప అలా ఉండేది కాదు. ఒకసారి అంచుకి, ఒకసారి మధ్యకి, ఎక్కడ చోటుంటే అక్కడ. చూస్తూ చూస్తూ నాకు ఒళ్లు మండి నీ నాలుక పీకేశాను. ఏమీ అనుకోకు.

తర్వాత ఏమనుకున్నానో ఏమో, ఆ ముక్కాలిపీట లాక్కుని కూచున్నాను. అది నా బరువుకి మూలిగింది. కింది వరసలు పరికరంతో తోసి, పైన ఆఖరిది చేత్తో పెట్టబోయాను. నలిగిపోయింది. ఇంకోటి నలిగింది. నలిగినవి పారెయ్యడం మీ అక్క ఒప్పుకునేది కాదు కదా, వండుకుని తిన్నాను. మర్నాడు మళ్లీ కూచున్నాను. మళ్లీ నలిగాయి, మళ్లీ తిన్నాను. చేపని తొయ్యకూడదురా. చోటు ఎక్కడుందో వేలితో చూసి, అక్కడ వదిలెయ్యాలి, అంతే. ఇన్నేళ్లు పక్కనే మర తిప్పుతూ నేను ఒక్కసారి కూడా అటు సరిగ్గా చూడలేదు. కూచుని చూస్తే తెలిసింది, ఆ బల్ల దగ్గర నుంచి వీధి అంతా కనిపిస్తుంది. అందుకే తనకి అన్ని కబుర్లు తెలిసేవి.

కుదిరిన డబ్బా ఇదిగో. ఇది కూడా అత్తయ్య కాదంటే ఇక నావల్ల కాదు. నేనే వచ్చి మంచం పక్కన కూచుని ఉన్నమాట చెప్పేస్తాను. రోజూ తను బతికున్నట్టు నటించడం నాకు కష్టంగా ఉంది. పోయిందని ఒకరి ముందైనా గట్టిగా అనాలని ఉంది.

మీ బావ

తా.క. పిల్లి అలిగింది. దాని వాటా బాగా తగ్గింది.

*

బావకి,

డబ్బా అందింది. అమ్మ ఒళ్లో పెట్టుకుని మెల్లిగా తడిమింది. అడ్డంగా ఉన్న చేప దగ్గర వేలు ఆగింది. ఇదీ కుదరలేదు, ఇక అంతే అనుకుని నేను గోడకి ఆనుకున్నాను. అప్పుడు "ఇది అల్లుడుగారి చెయ్యి" అంది. "కాగితం తెచ్చుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో ఏడవకు, అక్షరాలు అలుక్కుపోతాయి" అంది. ఇక ఇదంతా అమ్మ మాట.

"అల్లుడుగారూ, మీ మొదటి డబ్బా ముట్టుకున్నప్పుడే నాకు తెలిసింది. నేను రేకు పనివాడి పెళ్లాన్ని, రేకు పనివాడి తల్లిని. రేకు అంచు తగిలిన చేప నా వేలికి తెలియదా? అది బతికుంటే ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వదు, రేకుకి అసలే ఇవ్వదు. రేకు కొనడానికని ఊరెళ్లిన మీ బావమరిది రేకు లేకుండా తిరిగొచ్చినప్పుడే నా మనసు కీడు శంకించింది. వాడికి ఇల్లు దాటడానికి సరైన అబద్ధం చెప్పడం కూడా రాదు.

"ఇంకొక ఆడమనిషి అని నేనే కల్పించాను. మీ ఉత్తరం చదివి వీడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఏమైందని అడిగితే బావ సరిగా తినడం లేదట అన్నాడు, అంతకన్నా చెప్పలేదు. నాకు తెలిసిపోయిందని అంటే వీడు నా మంచం కోడు పట్టుకుని కూచుంటాడు, మీరు అక్కడ తలుపు వేసుకుని కూచుంటారు. ఓదార్చితే మీరు లేవరు. నింద వేస్తే కాదని చూపించడానికైనా లేస్తారనుకున్నాను. మీమీద లేని మాట అన్నాను, క్షమించండి. చెప్పులు కూడా అందుకే వేసుకున్నాను, అవి కరిచి కాలు పుండు పడింది.

"ఇక డబ్బాలు వద్దు. మీరే రండి. నా కూతురి కోసం నేను ఇంతవరకూ నోరు విడిచి ఏడవలేదు. వీడు బెదిరిపోతాడని దిండులో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నాను. వీడు నాకు వినపడకూడదని కొట్టు మూసి ఏడుస్తున్నాడు. నాకు చూపు తగ్గింది కానీ చెవులు బాగానే ఉన్నాయి. దాని గురించి మాట్లాడేవాళ్లు పక్కనుంటే ఒక్కసారి బాగా ఏడవాలని ఉంది."

అమ్మ మాట ఇక్కడికి అయిపోయింది. మధ్యలో ఏడవద్దంది కానీ చూస్తున్నావుగా అక్షరాలు ఎలా ఉన్నాయో. ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం ఇన్నాళ్లు ఏడ్చాం బావా. డాక్టరు బలహీనమన్న గుండె ఒక్కటే మన ఇద్దరినీ మోసింది. నాకు సిగ్గుగా ఉంది. కాస్త తేలికగా కూడా ఉంది. ఈ ఉత్తరం అందిన బస్సుకే ఎక్కెయ్యి, నేను బస్సు ఆగేచోట ఉంటాను.

నీ బావమరిది

తా.క. కాగితం మడుస్తుంటే అమ్మ అడిగింది, అది ఆఖరున నన్ను తలుచుకుందా అని. నేను వచ్చేసరికే అక్క లేదు కదా, నాకు తెలియదన్నాను. నీకు తెలుసు. ఏ మాటైనా సరే, వచ్చి నువ్వే చెప్పు.