ఇన్‌స్పెక్టరు గారి పబ్బు తనిఖీ

పబ్బు మేనేజరమ్మ గారికి,

నమస్కారం. నేను బడుల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇంట్లో కూర్చుని అందరికీ వంకలు పెడుతున్నానని మా అమ్మాయి, అల్లుణ్ణి తోడిచ్చి నిన్న నన్ను మీ పబ్బుకి తోలింది. తలుపు దగ్గర ‘మీ అభిప్రాయం రాయండి’ అని బోర్డు ఉంది. అడిగారు కాబట్టి రాస్తున్నాను.

లోపలంతా చీకటి. మెనూ చదవడానికి టార్చి వేస్తే, పక్క టేబుల్ కుర్రాడు దిగ్గున లేచి ‘సారీ నాన్నా, ఇంకెప్పుడూ రాను’ అన్నాడు. పాటల హోరులో నిమ్మ సోడా అడిగితే నలుగురొచ్చి చప్పట్లు కొట్టి, పుట్టినరోజు పాట పాడి, కేకు పెట్టి వెళ్ళారు. కాదంటే బాగుండదని తిన్నాను. బాత్రూముల్లో ఒక తలుపు మీద టోపీ బొమ్మ, ఇంకో తలుపు మీద గొడుగు బొమ్మ. బయట వాన పడుతోంది కదా అని గొడుగు తలుపు తీశాను. లోపలున్న ఆడపిల్లలు మంచివాళ్ళు, కేకలతో సరిపెట్టారు.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు (రిటైర్డ్)

తా.క. కుర్చీలు మరీ ఎత్తు. కాళ్ళు నేలకి అందక చంటిపిల్లాడిలా ఊపుకుంటూ కూర్చున్నాను. రేపు మళ్ళీ వస్తాను.

*

గౌరవనీయులైన ఇన్‌స్పెక్టరు గారికి,

మీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాం. దాచడం దేనికి, నెలాఖరుకి మా ఓనరు గారు వచ్చి ఈ అభిప్రాయాలన్నీ చదువుతారు. బాగుంటే పబ్బు ఉంటుంది, లేదంటే ఈ చోటు చెప్పుల షాపుకి ఇచ్చేస్తారు. నేనూ, వంటాయనా, సర్వర్లూ రోడ్డున పడతాం. అందుకే పాటలు తగ్గించాం, లైట్లు పెంచాం. బాత్రూముల మీద ‘ఆడ’, ‘మగ’ అని మూరెడేసి అక్షరాలతో రాయించాం. ఈసారికి మన్నించండి.

మీ మేనేజరు

తా.క. ఆ కుర్రాడు ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నకి అన్నీ చెప్పేశాడట. ఆయన అడగనివి కూడా.

*

మేనేజరమ్మకి, ఆశీస్సులు.

నిన్న వచ్చాను. పాటలు తగ్గించి కొంప ముంచావు. మూల టేబుల్ దగ్గర ఒక జంట విడిపోదామని మాట్లాడుకుంటుంటే పబ్బు పబ్బంతా నోరు మూసుకుని వింది. తప్పు అబ్బాయిదేనని నేను తేల్చాను. మీ వంటాయన గరిటెతో సహా బయటికొచ్చి, కాదు అమ్మాయిదన్నాడు. ఆ వాదనలో లోపల ఏదో మాడింది. ఇక లైట్లు పెంచారా, ఆఫీసులో మీటింగని ఇంట్లో చెప్పిన మా అల్లుడు వెనక టేబుల్ దగ్గర దొరికాడు. అప్పటినుంచి నా మాటకి ఎదురు చెప్పడం లేదు. గ్లాసుల మీద వేలిముద్రలు. సర్వరు ఆర్డరు రాసుకోడు, మరిచిపోతాడు, అడిగితే నవ్వుతాడు. మిగతా తప్పులు వెనక పేజీలో.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. కుర్చీల సంగతి పట్టించుకున్నట్టు లేదు.

*

ఇన్‌స్పెక్టరు గారికి, దండాలు.

కుర్చీల కాళ్ళు కోయించాం సార్. టేబుళ్ళ సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. నిన్న ఓనరు గారొచ్చి కూర్చుంటే మాకు ఆయన నుదురు ఒక్కటే కనిపించింది. మీ ఉత్తరాలు చదివి, ‘ఈ పెద్దమనిషికి మనమీద ఏం పగ? రోజూ వస్తాడు, రోజూ తిడతాడు. శనివారం లోపల ఆయన చేత ఒక్క మంచి మాట రాయించు, లేకపోతే చెప్పుల షాపే’ అన్నారు. మేమంటే మీకు గిట్టదని తెలుసు. అయినా సిగ్గు విడిచి అడుగుతున్నాను. నాకు ఇంకో ఉద్యోగం దొరక్కపోదు, కానీ ఈ పిచ్చి సర్వర్లని ఇంకెవరూ పెట్టుకోరు. ఒక్క మాట రాయండి సార్.

మీ మేనేజరు

తా.క. ఆ జంట కలిసిపోయింది. తీర్పు చెప్పిన తాతగారేరీ అని అడుగుతున్నారు.

*

మేనేజరు గారికి,

మీ పబ్బు తనిఖీ చేశాను. అంతా సంతృప్తికరం.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. ఏమీ లేదు.

*

దేవుడిలాంటి ఇన్‌స్పెక్టరు గారికి,

మా నెత్తిన పాలు పోశారు! ఓనరు గారు మీ ఉత్తరానికి ఫ్రేము కట్టించి తలుపు దగ్గర పెట్టారు. చెప్పుల షాపాయన్ని వేరే చోటు చూసుకోమన్నారు. వంటాయన ఏడ్చేశాడు, ఉల్లిపాయలు తరగకుండానే. అది సరే, ఆ రోజునుంచి మీరు రావడమే మానేశారేం? ఒంట్లో బాగుందా?

మీ మేనేజరు

తా.క. మీ అల్లుడు గారు ఆ ఫ్రేము చూసి ‘అయ్యో, సంతృప్తికరం అని రాశారా!’ అని తల పట్టుకున్నారు. ఎందుకో చెప్పలేదు.

*

అమ్మాయ్,

నేనే చెబుతాను. నా సర్వీసులో ఏ బడి మీద ఆశ ఉంటే ఆ బడికి పేజీలకు పేజీలు తప్పులు రాసేవాణ్ణి. దిద్దుకున్నారో లేదో చూడ్డానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఇక బాగుపడదని వదిలేసిన బడికే ‘సంతృప్తికరం’ అని రాసి, తర్వాత ఆ గడప తొక్కేవాణ్ణి కాదు. మీకు వంకలు పెట్టడం కోసం పొద్దున్నుంచీ గడియారం చూసుకుంటూ కూర్చునేవాణ్ణి, తెలుసా! గిట్టక రాస్తున్నానని నువ్వనుకున్నావు. మీ కడుపులు కొట్టలేక ఆ మాట రాసిచ్చాను. రాశాక ఇంకేం మొహం పెట్టుకుని రాను? మనసేం బాగోలేదమ్మా.

ఇట్లు,
ఇన్‌స్పెక్టరు

తా.క. ఇంట్లో కూడా వంకలు మానేశాను. భయపడి మా అమ్మాయి డాక్టరుకి ఫోన్ చేసింది.

*

బాబాయి గారికి,

అభిప్రాయాలు ఎప్పుడూ మీరే రాయాలా? ఈసారి మా సిబ్బందంతా కూర్చుని మీ మీద రాస్తున్నాం.

ఒక్క సోడా పెట్టుకుని సాయంత్రమంతా గడుపుతారు. టార్చి జనం మొహాన కొడతారు. ఊళ్ళోవాళ్ళ గొడవల్లో వేలు పెడతారు, పైగా తీర్పు తప్పు చెబుతారు (ఈ ముక్క వంటాయన దగ్గరుండి రాయించాడు). సర్వర్ని ‘ఒరేయ్ మొద్దబ్బాయ్’ అని పిలిచి అలవాటు చేశారు, ఇప్పుడు వాడు ‘బాబూ’ అంటే పలకడం లేదు. చెప్పాపెట్టకుండా మానేశారు. దీనికి మాత్రం మాకు నిజంగానే కోపం వచ్చింది, బాధ కూడా వేసింది. మీ ప్రవర్తన ఏమాత్రం సంతృప్తికరంగా లేదు. మిగతావి మొహం మీదే చెబుతాం, రేపు సాయంత్రం వచ్చి నిలబడండి.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. ఈ సంగతంతా ఓనరు గారికి చెబితే గతుక్కుమన్నారు. పెళ్ళయిన కొత్తలో తప్ప వాళ్ళావిడ ఆయనకి ఒక్క వంకా పెట్టలేదట. ఇవాళ పెందలాడే ఇంటికి పరిగెత్తారు.