చాందిని కళ్లజోడు

అమ్మా, మన మలేషియా ఎండల్లో పెరిగిన ముక్కు ఫిన్లాండ్ చలికి ఎర్రబడింది తప్ప నేను బాగానే ఉన్నాను.

ఇక్కడి బడిలో నా దగ్గర తెలుగు నేర్చుకునే చాందినికి ఏడేళ్లు. క్లాసులో కాలు తగిలిందని పుస్తకం తీసి కళ్లకద్దుకుంది. వాళ్ల ఫిన్నిష్ టీచరు పిల్లకు కళ్లు ఆనడం లేదనుకుని డాక్టరుకు చూపించమంది! అది మన అలవాటని నేను చెప్పాక ఒకటే నవ్వు. నిన్న తన కాలు తగిలితే ఆవిడే గబుక్కున పుస్తకం కళ్లకద్దుకుంది.

కొబ్బరినూనె పంపొద్దు, ఇక్కడ రాయైపోతోంది. కారప్పొడి పంపు. నాన్న మోటార్‌సైకిల్ బాగుచేయించాడా? మన ఊరు బాగన్ దాతుక్‌లో అందరినీ అడిగినట్టు చెప్పు.

"తెలుగు సదివితే ఏటొస్తాది లా?" అని మన మలేషియా "లా" తగిలించి మరీ నన్ను ఆటపట్టించే అప్పన్న మావకు మాత్రం, ఓ పిల్లకు కళ్లజోడు తప్పిందని చెప్పు.

నీ మోహనప్రియ